ఏడో పుల్ల

నా వార్డుకి వచ్చేవాళ్ళు ముందు నా గొంతు వింటారు, ఆ తర్వాతే నన్ను చూస్తారు. "చేతులు!" అని అరుస్తాను. డాక్టరైనా సరే, నేల తుడిచే ఆయా అయినా సరే, తలుపు పక్కనున్న సింకు దగ్గర ఆగి మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కుంటేగానీ లోపలికి అడుగు వెయ్యనివ్వను. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. నా దగ్గరుండేది నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, బరువు చాలనివాళ్ళు. పక్కన గట్టిగా తుమ్మితే ఉలిక్కిపడి ఊపిరి ఆపేసే రకం. నా వెనకాల నన్ను 'పోలీసు' అంటారని నాకు తెలుసు. అనుకోనీ, నాకేం నష్టం!

కిటికీ పక్క ఉయ్యాల్లో ఉన్న పాప శనివారం పుట్టింది. ఎనిమిదో నెలలో, ఆపరేషన్ చేసి తీశారు. కేజీ ఎనిమిది వందలు. గుప్పెడంత ఉందని గుప్పెడమ్మ అని పిలవడం మొదలుపెట్టాను. తల్లి బట్టల దుకాణంలో మిషను కుట్టే పిల్ల. కుట్లు నొప్పెడుతుంటే గోడ పట్టుకుని నడుచుకుంటూ పూటపూటా వచ్చేది. తండ్రిది కరెంటు పని. నాయనమ్మ బజార్లో కూరగాయలు అమ్ముతుందట. ఆదివారం పొద్దున్న ఆవిడ నా కంట పడకుండా లోపలికి దూరి, మనవరాలి అరికాలు మీద వేలు పెట్టి నిమురుతోంది. నాకు ఒళ్ళు మండింది.

"ఎవరమ్మా మిమ్మల్ని రానిచ్చింది? ఆ చేతులేంటి, ఆ గోళ్ళేంటి? మట్టి కనబడట్లేదా?"

"ఇంటి దగ్గర శుభ్రంగా కడుక్కునే వచ్చానమ్మా" అంది ఆవిడ బెదిరిపోయి.

"ఇంటి దగ్గర కడుక్కున్నది ఇంటికి సరిపోతుంది. ఇక్కడ చెల్లదు!"

వార్డులో ఉన్న నలుగురైదుగురు తల్లులూ చూస్తుండగా ఆవిడ మణికట్టు పట్టుకుని సింకు దగ్గరికి లాక్కెళ్ళాను. సీసా మూత మూడుసార్లు నొక్కి అరచేతుల్లో సబ్బు పోసి, దగ్గరుండి కడిగించాను. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని, మళ్ళీ వెళ్ళి, ఈసారి పాప వీపు మీద మెల్లగా చెయ్యి వేసింది. అప్పుడు నేనేమీ అనలేదు. ఆ తర్వాత నుంచి ఆవిడ వచ్చినప్పుడల్లా నా వైపు భయంభయంగా చూస్తూ రెండేసిసార్లు కడుక్కునేది.

బుధవారం పొద్దున్న చిన్న సిస్టర్ నన్ను పిలిచింది. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, ప్రతిదానికీ కంగారుపడుతుంది. "ఏంటే, చీమ కుట్టిందా?" అని నవ్వుతూనే వెళ్ళాను. పాపని బోర్లా తిప్పి చూపించింది. కుడి రెక్క కింద చిటికెన వేలి గోరంత ఎరుపు. వేలితో తాకాను. చుట్టూ ఉన్న చర్మం కంటే వేడిగా ఉంది, గట్టిగా ఉంది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

పెన్ను తీసి ఆ ఎరుపు చుట్టూ గీత గీశాను. అది మా పద్ధతి. గీత దాటితే పెరుగుతున్నట్టు, దాటకపోతే ఆగినట్టు. గంట తర్వాత చూస్తే ఎరుపు గీతకి అవతల ఉంది. ఇంకో గీత గీశాను. మధ్యాహ్నానికి అదీ దాటింది. సాయంత్రం డ్యూటీ దిగేసరికి పాప వీపు మీద ఒకదాని చుట్టూ ఒకటి నాలుగు గీతలు. నడిమధ్యన ఎరుపు పోయి ఊదా రంగు వచ్చింది. పాప ఏడవడం మానేసింది. పసిపిల్ల ఏడిస్తే నాకు విసుగు రాదు, ఏడవకపోతేనే నా పైప్రాణాలు పైనే పోతాయి.

డాక్టరమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. వీపుని నాలుగుచోట్ల నొక్కి చూసి, "చర్మం కింద కండలోకి దిగుతోంది" అంది. ఉన్న మందు మార్చి ఇంకోటి, దాని మీద మరోటి మొదలుపెట్టించింది. గురువారం పొద్దున్నకి వీపు సగం నల్లబడింది. సర్జన్ వచ్చి చచ్చిపోయిన కండని కోసి తీసేశాడు. అరచేతి మేర. ఆ వీపే ఎంత ఉందని! డ్రెస్సింగు అందిస్తూ నేను గోడ వైపు చూశాను. ఇరవై రెండేళ్ళలో నేను గోడ వైపు చూసింది అదే మొదలు.

"ఈ క్రిమి ఏదో తెలియాలి సిస్టర్" అంది డాక్టరమ్మ చేతి తొడుగులు తీసేస్తూ. "పుట్టినప్పటి నుంచి ఏదో ఒక మందు పడుతూనే ఉంది కాబట్టి రక్తం పరీక్షలో ఏమీ మొలవలేదు. ఇప్పుడు తీసిన ముక్క ల్యాబుకి పంపాను. శనివారం గానీ చెప్పలేరు."

"శనివారం దాకా ఆగుతుందా మేడమ్?"

ఆవిడ తొడుగులు బుట్టలో పడేసి, పాప ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

బయట వరండాలో పాప తండ్రి నాకు ఎదురొచ్చాడు. "ఎలా వచ్చింది సిస్టరమ్మా ఇది? అసలెలా వచ్చింది?" అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నాకు నోరెందుకు ఆగుతుంది? "ఆదివారం మీ అమ్మగారు చేతులు కడుక్కోకుండా పాపని ముట్టుకున్నారు. నేను చూసేసరికే ముట్టేసుకున్నారు" అన్నాను. అప్పుడు అది నిజమనే అనుకున్నాను. అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు.

అతను తల్లి దగ్గరికి వెళ్ళి ఏమన్నాడో నాకు వినబడలేదు, అరుపు మాత్రం వినబడింది. ఆ తర్వాత ఆవిడ వరండా చివరి బల్ల మీద కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, దేన్నీ ముట్టుకోకుండా. మంచినీళ్ళ గ్లాసు ఇచ్చినా అందుకోలేదట. కోడలు ఆవిడ వైపు చూడటం మానేసింది. నా చెయ్యి మాత్రం వదిలేది కాదు. "మీరున్నారు కదా సిస్టరమ్మా, నాకు భయం లేదు" అనేది. ఆ పిల్ల వేళ్ళు మంచుగడ్డల్లా ఉండేవి.

ఆ గురువారం పన్నెండు కాకముందే ల్యాబాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన్ని నేను 'నత్త' అంటాను. మొహం మీదే అంటాను, ఆయన నవ్వుతాడు. రిపోర్టు తెమ్మంటే మర్నాడు తెచ్చే మనిషి, ఆ రోజు ఆయాసపడుతూ వచ్చాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ప్రతినెలా మొదటి సోమవారం ఆయనా నేనూ దూది చుట్టిన పన్నెండు పుల్లలతో వార్డంతా తిరుగుతాం. కొళాయి, తూకం, ఉయ్యాల అంచు, తలుపు పిడి, ఇలా నెలనెలా చోట్లు మారుస్తూ తలా ఒకచోట రుద్ది గొట్టంలో వేసి పంపుతాం. గొట్టం మీద అంకె మాత్రమే ఉంటుంది. ఏ అంకె ఎక్కడిదో నా నోటుబుక్కులో ఉంటుంది. ల్యాబువాళ్ళు మొహమాటాలకి పోయి 'పెద్ద సిస్టర్ వార్డు కదా' అని నొక్కెయ్యకుండా ఉండాలని ఆ ఏర్పాటు చేసింది నేనే. ఎన్నో నెలలుగా పన్నెండూ పరవాలేదనే వచ్చాయి. ఆ కాయితాలన్నీ వరసగా గోడకి అంటించుకున్నాను కూడా. గీరకి తక్కువేం లేదు నాకు.

"మొన్న సోమవారం పంపినవాటిలో ఏడో పుల్ల" అన్నాడు ఆయన, డాక్టరమ్మకి కాయితం అందిస్తూ. "నా సర్వీసులో ఇలాంటిది చూళ్ళేదు మేడమ్. అందులో మొలిచిన క్రిమిని పళ్ళెంలో పరిచి పది మందు బిళ్ళలు పెట్టాను. తొమ్మిదింటిని లెక్కచెయ్యకుండా బిళ్ళ అంచుదాకా పెరిగింది. ఒక్క పాత మందు చుట్టూ మాత్రమే ఖాళీ వదిలింది. ఏడు ఎక్కడిదక్కా?"

నోటుబుక్కు జేబులోంచి తీశాను. ఏడు: సింకు, సబ్బు సీసా మూతి. దాన్ని రుద్దడం ఈ నెలే మొదలు. ఎనిమిది: సింకు తూము. నా కోడిగెలుకుడు రాత నాకు తప్ప ఇంకొకరికి అర్థం కాదు.

"సింకు…" అని చదివి అక్కడే ఆగిపోయాను.

ఆ సబ్బు సంగతి నాకు తెలుసు. స్టోర్సు నుంచి పెద్ద డబ్బాలో చిక్కటి సబ్బు వస్తుంది. సీసా ఖాళీ అయితే కడిగి, పూర్తిగా ఆరబెట్టి, అప్పుడు నింపాలి. అది రూలు. గోడ మీద రాసే ఉంది. నేనేం చేసేదాన్నంటే, అడుగున రెండంగుళాలు ఉండగానే పైన కొత్తది పోసేదాన్ని. చిక్కగా ఉంటే మూత ఊరికే పూడుకుపోతుంది కాబట్టి కాసిని కొళాయి నీళ్ళు పోసి ఊపేదాన్ని. నా వార్డులో ఏనాడూ సబ్బు అయిపోయిందన్న మాట లేదు. పక్కవార్డు వాళ్ళు సీసా ఆరేదాకా సబ్బు లేకుండా కూర్చునేవాళ్ళు, వాళ్ళని చూసి నవ్వేదాన్ని. చిన్న సిస్టర్ చేరిన కొత్తల్లో ఒకసారి అడిగింది, "సీసా కడగక్కర్లేదా అక్కా?" అని. "సబ్బుని సబ్బు పెట్టి కడుగుతావా?" అన్నాను. వార్డంతా పగలబడి నవ్వింది. ఆ పిల్ల మళ్ళీ అడగలేదు.

అంటే, ఆ సీసాలో పాత సబ్బు నీళ్ళలో అది నెలల తరబడి పెరుగుతూ ఉంది. ప్రతివాణ్ణీ ఆపి, అరిచి, ఆ నీళ్ళు చేతులకి పట్టించి మరీ పసిపిల్లల మీదకి పంపింది నేను. రోజుకి ఆరుసార్లు గుప్పెడమ్మని ఇటూ అటూ తిప్పింది నా చేతులే.

"సింకు తూముదే అయ్యుంటుంది" అంది డాక్టరమ్మ కాయితం మడుస్తూ. "తూముల్లో ఇలాంటివి ఉంటూనే ఉంటాయి. దాన్నెవరు ముట్టుకుంటారు? బ్లీచింగ్ పోయించండి సిస్టర్." అనేసి పాప వైపు తిరిగింది.

నేను నోరు మూసుకుంటే చాలు. అంతే పని. అబద్ధం కూడా చెప్పక్కర్లేదు. సాయంత్రం సీసా చెత్తలో పడేస్తే ఏడో పుల్ల సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. శనివారం పాప కండ రిపోర్టు వస్తుంది, అప్పుడు సరైన మందు ఎలాగూ ఇస్తారు. అలా నాకు నేను చెప్పుకున్నాను. సిగ్గులేకుండా చెప్పుకుంటున్నాను, ఒక నిమిషం పాటు నిజంగానే అలా చెప్పుకున్నాను. ఇన్నేళ్ళ పేరు, గోడ మీద కాయితాలు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఉయ్యాల అంచు పట్టుకున్నాను. పాప డొక్క ఎగరడం, దిగడం. ఎగరడానికీ దిగడానికీ మధ్య చాలాసేపు పట్టింది. శనివారం దాకా ఆగదు. ఆ ముక్క నాకు పొద్దున్నే తెలుసు.

"తూము కాదు మేడమ్" అన్నాను. మళ్ళీ అన్నాను. "తూము కాదు. సబ్బు."

డాక్టరమ్మ వెనక్కి తిరిగింది. "ఏ సబ్బు?"

"మనం చేతులు కడుక్కునే సబ్బు."

"సబ్బులో క్రిమి ఎలా ఉంటుందక్కా?" అన్నాడు ల్యాబాయన అయోమయంగా.

డాక్టరమ్మ ఒక్క అంగలో సింకు దగ్గరికి వెళ్ళి, మూత తిప్పి, సీసా వంచి చూసింది. లోపల సబ్బు నీళ్ళలా కదిలింది. "నీళ్ళు కలుపుతున్నారా?"

"కలుపుతున్నాను."

"సీసా ఎప్పుడైనా కడిగారా?"

"లేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఈ సీసా వచ్చినప్పటి నుంచి. రెండేళ్ళు."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బావుండేది. సీసాని సంచీలో వేసి మూతి బిగించి ల్యాబాయన చేతిలో పెట్టింది. ఆ కాయితం మళ్ళీ విప్పి చూసి, "ఆ పాత మందు తెప్పించండి. ఇప్పుడే" అంది. మందు వచ్చేదాకా గోరు కొరుకుతూ నిలబడింది. "ఇది కిడ్నీల మీద పడుతుంది సిస్టర్. ఊరికే అనుమానంతో ఐదు రోజుల పిల్లకి ఇచ్చే మందు కాదు. సబ్బు అన్నారు కాబట్టి ఇస్తున్నాను. మూత్రం చూస్తూ ఉండాలి. ఎనిమిది తొమ్మిది గంటలు రాకపోయిందంటే ఆపెయ్యాలి. ఆపితే ఇంకో మందు లేదు."

ఒంటిగంటకి మొదటి డోసు వెళ్ళింది. ఆ వెంటనే మిగతా తొమ్మిదిమంది పిల్లల బట్టలూ విప్పి, వీపులు, కాళ్ళు, చంకలు, మెడ మడతలు, ఒక్కో అంగుళం చూశాం. మూడో పిల్లాడి తొడ మీద ఎర్రటి గీత కనబడేసరికి చిన్న సిస్టర్ ఏడ్చేసింది. డైపరు పట్టీ ఒరుసుకున్న గుర్తు అది. తుడిచి, అరగంట ఆగి మళ్ళీ చూస్తే పోయింది. ఆ అరగంట నాకు బాగా గుర్తుంది.

"పాపవాళ్ళకి చెప్పాలి. నేను చెప్పనా?" అంది డాక్టరమ్మ.

"నేనే చెప్తాను మేడమ్" అన్నాను. కానీ ఆ రోజు చెప్పలేకపోయాను. వెళ్ళేటప్పుడు పక్క మెట్ల మీంచి దొంగలా దిగిపోయాను, వరండాలో ఆ బల్ల కంటబడకుండా.

శుక్రవారం పొద్దున్న వచ్చీరాగానే పాప వీపు చూశాను. డ్రెస్సింగు చుట్టూ ఎరుపు ఆఖరి గీత లోపలే ఉంది. గీత దాటలేదు! కళ్ళు మూసి తెరిచి మళ్ళీ చూశాను. దాటలేదు. ఇంక చిన్న సిస్టర్ని గట్టిగా కౌగిలించుకోబోతుంటే ఆ పిల్ల మొహం చూసి ఆగాను.

"తెల్లవారుజామున నాలుగింటికి తడిపింది అక్కా. ఆ తర్వాత లేదు."

ఎనిమిది అయింది. తొమ్మిది అయింది. డైపరు విప్పడం, చెయ్యి పెట్టడం, పొడి. పది, పొడి. పొట్ట కింద వేళ్ళతో మెల్లగా నొక్కి చూసింది డాక్టరమ్మ, మూత్రం సంచి నిండినట్టు లేదంది. కనురెప్పలు ఉబ్బాయి. పదకొండు, పొడి. "ఒంటిగంటకి డోసు టైము. అప్పటికీ రాకపోతే ఇవ్వలేను" అంది. పాప వెళ్ళిపోతే అదీ నా చేతుల మీదే, మిగిలితే ఎలా మిగులుతుందో తెలియదు. ఇంక దాచుకుని ఏం చేస్తాను? దాచుకున్నంతసేపూ ఆ ముసలావిడ అక్కడ చేతులు వెల్లకిలా పెట్టుకుని కూర్చునే ఉంది.

వరండాలోకి వెళ్ళాను. తల్లినీ తండ్రినీ నా వెంట రమ్మన్నాను. తల్లి నా చెయ్యి పట్టుకుంది, అలవాటుగా. ముగ్గురం వెళ్ళి ఆ చివరి బల్ల ముందు నిలబడ్డాం. ఆవిణ్ణి పదిమందిలో అన్నాను కాబట్టి పదిమందిలోనే చెప్పాలి.

"పెద్దమ్మా, పాపకి వచ్చింది మీ చేతుల వల్ల కాదు" అన్నాను. "నా సబ్బు వల్ల. సీసా కడక్కుండా నీళ్ళు కలిపి వాడాను. అందులో పెరిగింది. మీరు కడుక్కోక ముందు ముట్టుకున్నప్పుడు ఏమీ లేదు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "అయితే కడుక్కున్నాకేనా?"

"కడుక్కున్నాకే పెద్దమ్మా. నేను కడిగించాకే."

కొడుకు ఆవిడ కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని "అమ్మా…" అన్నాడు. ఆవిడ అతని తల మీద చెయ్యి వెయ్యబోయి, మధ్యలో ఆపి, నా వైపు చూసింది. ముట్టుకోవచ్చా అన్నట్టు. భగవంతుడా! నేను తలూపాను. అప్పుడు వేసింది.

నా చేతిలోంచి తల్లి చెయ్యి జారిపోయింది. ఎప్పుడు తీసుకుందో నాకు తెలియలేదు. ఆ పిల్ల అరవలేదు, ఏడవలేదు. మెల్లగా, ఒక్కొక్క మాటే చెప్పింది.

"మా పాపని ఇంక మీరు ముట్టుకోకండి సిస్టరమ్మా. మీ చేత్తో వద్దు. అత్తయ్య లోపలికొస్తారు. ఏం చెయ్యాలన్నా అత్తయ్య పట్టుకుంటారు."

"సరే తల్లీ" అన్నాను.

చిన్న సిస్టర్ దగ్గరుండి పెద్దావిడ చేతులు కడిగించింది, కొత్తగా తెప్పించిన చిన్న ప్యాకెట్ల సబ్బుతో. గౌను వేసింది, తొడుగులు వేసింది. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. ఇరవై రెండేళ్ళలో నా వార్డులో నాకు చోటులేకపోవడం తెలియలేదు ఎప్పుడూ. పెద్దావిడ అరచేతులు రెండూ చాపి గుప్పెడమ్మని అందుకుంది. బోర్లా, తల ఎటు ఆనాలో, పొట్ట ఎటు ఆనాలో తెలిసిన చేతులు. కింద దుప్పటి మార్చేముందు చిన్న సిస్టర్ డైపరు తీసింది. గడియారం పన్నెండూ నలభై. డాక్టరమ్మ మందు సీసా పక్కన నిలబడి ఉంది, సూది ఎక్కించకుండా.

"తల కిందికి వాలిపోనివ్వకండి" అన్నాను తలుపు దగ్గర్నుంచి. ఎవరూ నావైపు చూడలేదు. గొంతు తగ్గించుకున్నాను.

ఒక నిమిషం. పెద్దావిడ మనవరాలి చెవిలో ఏదో గొణుగుతోంది. ఇంకో నిమిషం. చిన్న సిస్టర్ కొత్త దుప్పటి పరిచి మూలలు సర్దింది. ఇంక ఉయ్యాల్లో పడుకోబెట్టబోతున్నారు.

"అమ్మో!" అంది పెద్దావిడ. "అమ్మో, అమ్మో, పోస్తోందే! నా మీదే పోస్తోంది!"

తల్లి కుట్ల నొప్పి కూడా మర్చిపోయి ఒక్క ఉదుటున ముందుకు వచ్చింది. చిన్న సిస్టర్ నోరు రెండు చేతులతో మూసుకుంది. డాక్టరమ్మ సూది మూత తీస్తూ, "తీసెయ్యకండి పెద్దమ్మా, అలాగే పొయ్యనివ్వండి" అంది. డాక్టరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నేను చూశాను. పెద్దావిడ ముంజేతుల మీంచి గౌను మీదకి, గౌను మీంచి నేల మీదకి కారుతోంది. ఆవిడ కదలకుండా నిలబడి పడీపడీ నవ్వుతోంది, ఏడుస్తోంది.

నాకు పరిగెత్తుకెళ్ళి ఆ తడిని చేత్తో తాకి చూడాలనిపించింది. ఎంత పోసిందో, ఏ రంగులో ఉందో, ఇంకా ఎన్ని గంటలు భయపడాలో. అడుగు ముందుకు వేసి, వెనక్కి తీసుకున్నాను.

"ఎంత పోసింది?" అని అడిగాను గుమ్మం దగ్గర్నుంచి. "చాలా పోసిందా?"

తల్లి తల తిప్పి నన్ను చూసింది.

"చాలా పోసింది" అంది.

నేను పుస్తకం తెరిచి టైము రాసుకున్నాను.